రెండు విభాగాల మధ్య ఒక గొంతు

ఇవాళ మాట్లాడదలచుకున్నది నెలల తరబడి వదలని దగ్గు గురించి, దాని వెంటే బొంగురుపోయే గొంతు గురించి. ఈ రెండూ కలిసి పట్టుకున్న మనిషి వైద్యం కోసం ఎలా తిరుగుతాడో అందరికీ తెలిసిందే. దగ్గుకు ఛాతీ డాక్టరు. అక్కడ ఎక్స్‌రే, తెమడ పరీక్ష, గొట్టంలోకి ఊదించి చూసే పరీక్ష. ఏమీ తేలకపోతే ఒక ఇన్‌హేలరు, ఒక సిరప్పు. గొంతుకు ఈఎన్‌టీ డాక్టరు. గొంతు ఎర్రగా ఉంది, గ్యాస్ పైకి తన్నుతోంది అని పరగడుపున వేసుకోవడానికి ఒక మాత్ర. మొదటి చీటీలో గొంతు ఊసుండదు, రెండో చీటీలో దగ్గు ఊసుండదు. అలా ఏడాది గడిచాక ఆ మనిషి రెండు చీటీలనూ పక్కన పడేసి మిరియాల కషాయం దగ్గరికి వస్తాడు. నా వాదన ఏమిటంటే, ఊపిరితిత్తుల్లో తప్పేమీ దొరకని దీర్ఘకాలిక దగ్గులో చాలా భాగానికి స్వరపేటికే అసలు చోటు. దగ్గు, బొంగురు, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉండటం, ఒక్కోసారి ఊపిరి బిగబట్టడం, ఇవన్నీ అక్కడ మొదలైన ఒకే గొడవకు వేర్వేరు ముఖాలు. అందువల్ల వీటిని కలిపి చూసే వైద్యమే ఫలిస్తుంది. ఆ వైద్యంలో మందుకంటే శిక్షణకు ఎక్కువ చోటుంది.

స్వరపేటికను మనం మాట పుట్టే చోటుగానే తలుచుకుంటాం. పరిణామక్రమంలో మాట చివర వచ్చి చేరిన పని. లండన్ శస్త్రవైద్యుడు విక్టర్ నీగస్ 1929లో అచ్చువేసిన గ్రంథంలో చేపల దగ్గర్నుంచి మనిషి దాకా ఈ అవయవాన్ని వరసగా పరిశీలించి, దాని మొదటి ఉద్యోగం ఊపిరితిత్తుల్లోకి నీళ్లూ తిండీ పోకుండా మూసుకోవడమేనని తేల్చాడు. ఊపిరి కోసం తెరుచుకోవడం తర్వాతిది. గొంతు పలకడం ఆ రెంటి మీదా ఆధారపడి వచ్చిన కొసరు. ఒకే జత కండరపు మడతలు, అంటే స్వరతంత్రులు, మింగేటప్పుడు బిగుసుకోవాలి, ఊపిరి తీసేటప్పుడు విడిపోవాలి, మాట్లాడేటప్పుడు ఒకదానికొకటి తాకీతాకనట్టు ఆడాలి. దగ్గులో ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. ముందు లోపలికి గట్టి ఊపిరి. తర్వాత సెకనులో అయిదో వంతు సేపు స్వరతంత్రుల గట్టి మూత. ఆ మూత కింద ఒత్తిడి పెరిగాక ఒక్కసారిగా విడుదల. ఆ మూతే లేకపోతే దగ్గు వట్టి గాలి వదలడం అవుతుంది. కాబట్టి దగ్గు ఊపిరితిత్తుల వ్యవహారం, గొంతు స్వరతంత్రుల వ్యవహారం అనే పంపకం శరీరం చేసుకున్నది కాదు. మనం ఆసుపత్రి వరండాల్లో బోర్డులు కట్టి చేసుకున్నది.

ఆ మూత మీద పడే దెబ్బ ఎంతో లెక్కలో చూస్తే మేలు. మామూలుగా మాట్లాడటానికి స్వరతంత్రుల కింద 5 నుంచి 10 సెంటీమీటర్ల నీటిమట్టమంత ఒత్తిడి చాలు. గట్టి దగ్గులో ఛాతీలోపలి ఒత్తిడి 300 మిల్లీమీటర్ల పాదరసం దాకా పోగలదు. నీటి లెక్కలో అది 400 సెంటీమీటర్లకు పైమాటే. ఇక ఆ దెబ్బ తినే వస్తువు ఏమిటి? జపాన్‌లోని కురుమె విశ్వవిద్యాలయానికి చెందిన మినోరు హిరానో 1974లో చూపించిన నిర్మాణం ఇప్పటికీ స్వరవైద్యానికి పునాది. లోపల కండరం, దాని మీద గట్టి పొరలు, వాటి పైన జిగురులాంటి మెత్తటి పొర. మరిగి చల్లారిన పాల మీద మీగడ కదిలినట్టు ఈ పైపొర అలలుగా కదిలితేనే స్వరం నున్నగా వస్తుంది. మగవాళ్లలో సెకనుకు సుమారు 100 నుంచి 125 సార్లు, ఆడవాళ్లలో 200 పైచిలుకు సార్లు ఆ పొరలు కలిసి విడిపోతాయి. ఒక పంతులమ్మ గొంతు రోజు మొత్తమ్మీద నికరంగా గంటసేపు పలికిందనుకుంటే, ఏడు లక్షల ఇరవై వేల తాకిళ్లు. ఆరోగ్యంగా ఉన్న పొర దీన్ని ఓర్చుకుంటుంది, రాత్రికి తేరుకుంటుంది. దానికి రోజంతా దగ్గు తోడైతే పైపొరలో నీరు చేరుతుంది. ఒరుసుకునే చోట కాయలు కాస్తాయి. వెనక భాగంలో మృదులాస్థి మీద పుండుపడి కండ పెరుగుతుంది. ఈ చివరి జబ్బుకు పెద్ద దగ్గు కూడా అక్కర్లేదు. ఊరికే గొంతు సవరించుకునే అలవాటు ఏళ్ల తరబడి సాగితే చాలు. సవరించుకోవడమంటే స్వరతంత్రులను వెనక భాగంలో ఒకదాని మీదొకటి రుద్దడమే. క్షణం హాయిగా ఉంటుంది. ఆ రాపిడికి మళ్లీ జిగురు ఊరుతుంది. ఆ జిగురు కోసం మళ్లీ సవరించుకోవాలి.

ఇదంతా దగ్గు వల్ల గొంతు పాడవడం. ఎదురు దారి కూడా ఉంది, దాని మీద మన వైద్యం చూపు తక్కువ. స్వరతంత్రుల్లో ఒకటి పనిచేయకపోతే మధ్యలో సందు మిగులుతుంది. గొంతు గాలిపోతున్నట్టు వస్తుంది, మంచినీళ్లు తాగితే పొలమారుతుంది, పొలమారినప్పుడల్లా దగ్గు. ఆ దగ్గులో పదును ఉండదు, ఎందుకంటే మూత పడటంలేదు. డొల్లగా, ఆవు దగ్గినట్టు ఉంటుందని పాత వైద్యులు గుర్తుపట్టేవారు. ఎడమ స్వరతంత్రిని నడిపే నాడి ఛాతీలోకి దిగి, బృహద్ధమని వంపు కింద నుంచి తిరిగి పైకి వస్తుంది. ఆ దారిలో కణితి, క్షయ గడ్డ, ఉబ్బిన గుండె గది, ఏది నొక్కినా గొంతు పోతుంది. గుండె కవాటం సన్నబడి ఎడమ కర్ణిక ఉబ్బినవాళ్లలో గొంతు బొంగురుపోవడాన్ని నార్బర్ట్ ఆర్ట్‌నర్ 1897లోనే వర్ణించాడు. కీళ్లవాతపు గుండెజబ్బు ఇంకా పోని మన దేశంలో ఇది పుస్తకాల్లోని వింత కాదు. అంటే గొంతు మార్పు ఛాతీ వైద్యుడికి ఛాతీ గురించే చెప్పే కబురు. ఆ కబురు అందాలంటే స్వరతంత్రులను ఎవరో ఒకరు కళ్లతో చూడాలి కదా! వాటిని మొదట స్పష్టంగా చూసినవాడు వైద్యుడు కాకపోవడం విశేషం. 1854లో పారిస్‌లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు పళ్ల డాక్టర్ల అద్దం లాంటిదాన్ని నోట్లో పెట్టుకుని, సూర్యకాంతి పడేలా ఇంకో అద్దం పట్టుకుని, తను పాడుతుండగా తన స్వరతంత్రులు కదలడం చూశాడు. మరుసటి ఏడాది ఆ పరిశీలనలు లండన్ రాయల్ సొసైటీ ముందుకు వచ్చాయి. వైద్యులు ఆ తర్వాత అందుకున్నారు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. స్వరతంత్రులు చక్కగా కదులుతూ, కాయా పుండూ లేకుండా ఉన్నవాళ్లకు నెలల తరబడి దగ్గెందుకు? స్వరపేటికకు స్పర్శ తెలిపే నాడి ఒకటుంది, వేగస్ నాడి శాఖ. ఆ మార్గం సున్నితత్వం పెరిగిపోతే మామూలు విషయాలు కూడా దగ్గును లేపుతాయి: అగరొత్తి పొగ, అత్తరు వాసన, ఏసీ గదిలోకి అడుగుపెట్టడం, ఫోనులో నాలుగు మాటలు, పగలబడి నవ్వడం. యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ నియమించిన నిపుణుల బృందం 2014లో దీన్ని దగ్గు అతిసున్నితత్వ లక్షణ సముదాయంగా పేర్కొంది. అంతకుముందే, 2001లో, జలుబు తగ్గిన తర్వాత వేగస్ నాడి దెబ్బతిని దగ్గూ గొంతు మార్పూ మిగిలిపోయిన రోగుల గురించి అమీన్, కౌఫ్‌మన్‌లు రాశారు. ఈ సున్నితత్వాన్ని కొలిచే సాధనం తెలుగువాళ్లకు ఇంట్లో మనిషి లాంటిదే. మిరపకాయ ఘాటుకు కారణమైన కాప్సైసిన్‌ను చాలా పలచగా కలిపి పీల్పిస్తారు, మోతాదు పెంచుకుంటూ పోతారు, ఏ మోతాదుకు అయిదు దగ్గులు వచ్చాయో రాసుకుంటారు. అతిసున్నితత్వం ఉన్నవాళ్లు చిన్న మోతాదుకే దగ్గేస్తారు. కాప్సైసిన్‌ను గుర్తించే గ్రాహకాన్ని 1997లో కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాల మధ్య పనిచేసే కూలీలకూ, ఎండుమిరపకాయ మాడిన తాలింపు దగ్గర నిలబడే ఇల్లాలికీ ఆ గ్రాహకం పని ఏమిటో నోబెల్ కమిటీ చెప్పక్కర్లేదు. తేడా ఎక్కడుందంటే, ఆరోగ్యవంతుడు తాలింపు ఘాటుకు దగ్గి ఊరుకుంటాడు. ఈ రోగికి తాలింపు లేకుండానే రోజంతా తాలింపు.

దగ్గును లేపే ఆ విషయాల పట్టికలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది మాట. మాట్లాడితే దగ్గు వస్తుందని ఈ రోగులు చాలామంది చెబుతారు. మాటకు దగ్గు రావడమంటే స్వరతంత్రుల కదలికే రెచ్చగొట్టే కారణమైందన్నమాట. దగ్గు వస్తుందేమోనన్న భయంతో మనిషి గొంతును బిగబట్టి, ఊపిరి పూర్తిగా తీసుకోకుండా మాట్లాడతాడు. బిగుతుకు రాపిడి పెరుగుతుంది, రాపిడికి దగ్గు పెరుగుతుంది. ఇక్కడ గొంతు జబ్బు ఎక్కడ ఆగింది, దగ్గు జబ్బు ఎక్కడ మొదలైంది? ఇదే కుటుంబంలో మరో సభ్యుణ్ణి కూడా చెప్పుకోవాలి. 1983లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో డెన్వర్ వైద్యులు అయిదుగురు రోగుల గురించి రాశారు. అందరినీ ఆస్తమా రోగులుగానే చూస్తూ వచ్చారు. తీరా చూస్తే ఊపిరి తీసుకునేటప్పుడు తెరుచుకోవలసిన స్వరతంత్రులు మూసుకుంటున్నాయి. ఈల చప్పుడు వస్తున్నది ఛాతీలోంచి కాదు, గొంతులోంచి. వాళ్లకు మేలు చేసింది స్పీచ్ థెరపీ, మానసిక చికిత్స. ఇలాంటి రోగికి ఆస్తమా పేరుతో స్టెరాయిడ్ ఇన్‌హేలరు పెంచుకుంటూ పోతే జబ్బు తగ్గదు సరికదా, ఆ పొడి గొంతులో పడి బొంగురు, ఒక్కోసారి బూజు కూడా వస్తుంది.

ఇంతదాకా వచ్చాక ఛాతీ వైద్యులు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. క్షయ ఇంతగా ఉన్న దేశంలో దగ్గును గొంతు ఖాతాలో రాయడం ప్రమాదం కాదా? ప్రమాదమే, వరస తప్పితే. ప్రపంచపు క్షయ భారంలో దాదాపు నాలుగో వంతు మన దేశానిది. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలన్న జాతీయ కార్యక్రమపు నియమాన్ని నేను అక్షరం కూడా మార్చమనను. దీర్ఘకాలిక దగ్గు అనడానికి పెద్దవాళ్లలో ఎనిమిది వారాలు గడవాలి. నేను మాట్లాడుతున్నది ఆ పరీక్షలన్నీ అయిన తర్వాత మిగిలినవాళ్ల గురించి. అయినా ఈ అభ్యంతరం నా వాదనకే ఆసరా ఇస్తుంది, ఎందుకంటే క్షయ స్వరపేటికకు కూడా వస్తుంది, బొంగురుతోనే బయటపడుతుంది. చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవాళ్లలో స్వరతంత్రుల క్యాన్సరుకు మొదటి గుర్తు తరచు గొంతు మారడమే. తొలి దశలో దొరికితే బాగా నయమయ్యే క్యాన్సర్లలో అదొకటి. అమెరికాలోని ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2018లో సవరించిన మార్గదర్శకాలు నాలుగు వారాల్లో తగ్గని బొంగురుకు గొంతులోకి చూసి తీరాలన్నాయి. అంతకుముందు 2009లో వాళ్లే మూడు నెలల దాకా గడువిచ్చారు. గడువు తగ్గించారంటే ఆలస్యానికి మూల్యం తెలిసొచ్చిందనే. పనిలో పనిగా చీటీలోని మందులు కూడా చూడాలి. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి ‘ప్రిల్’ మందులు కొందరికి పొడిదగ్గు తెస్తాయి. మందు మార్చిన కొన్ని వారాలకు తగ్గే దగ్గుకు ఏడాదిపాటు సిరప్పు తాగినవాళ్లుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

రెండో అభ్యంతరం ఈఎన్‌టీ వైపు నుంచి వస్తుంది. గొంతుకూ దగ్గుకూ ఉమ్మడి కారణం పొట్టలోని ఆమ్లం పైకి ఎగదన్నడమే, దానికి మాత్రలున్నాయి, కొత్త సిద్ధాంతమెందుకు అంటారు. ఆమ్లం ఎగదన్నే జబ్బు నిజంగా ఉన్నవాళ్లున్నారు. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్లకు ఆ మందు సబబే. చిక్కల్లా, గొంతులో ఏ ఇబ్బంది ఉన్నా గ్యాసే అనడంతో వస్తోంది. బ్రిటన్‌లో ఎనిమిది ఆసుపత్రుల్లో 346 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. గొంతులో అడ్డు, బొంగురు, సవరింపు, దగ్గు వంటి బాధలు వదలనివాళ్లలో సగం మందికి లాన్సొప్రజోల్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. రెండు జట్లూ ఒకేలా మెరుగుపడ్డాయి. మాత్ర వేసుకున్న రోగికి కొంత తగ్గడం, దాన్ని చూసి వైద్యుడికి నమ్మకం కలగడం, రెండూ నిజమే. ఆ తగ్గుదల మాత్ర వల్ల కాదన్నదే ఈ పరీక్ష చెప్పింది. గొంతు చూడకుండా, వట్టి లక్షణాలను బట్టి బొంగురుకు ఆమ్లం మాత్రలు రాయవద్దని నేను చెప్పిన 2018 మార్గదర్శకాలు కూడా అంటాయి. సిరప్పుల సంగతి ఇంతకన్నా తక్కువ మాటల్లో చెప్పొచ్చు. తీపి, జిగట, వేడి కలిసి గొంతుకు ఇచ్చే ఓదార్పులో తేనె వేసిన గోరువెచ్చటి నీళ్లు దేనికీ తీసిపోవు, ఏడాది నిండని పసిపిల్లలకు తేనె పెట్టకూడదన్న జాగ్రత్త ఒకటి ఉంచుకుంటే.

మరి పరీక్షలన్నీ అయ్యాక కూడా దగ్గుతో మిగిలినవాళ్లకు చేయగలిగింది ఏమిటి? ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో ఆన్ వెర్టిగన్ బృందం మందులకు లొంగని దగ్గున్న 87 మందిని తీసుకుంది. కొందరికి స్పీచ్ థెరపిస్టు చేత దగ్గు అదుపు శిక్షణ ఇప్పించారు, మిగతావాళ్లకు అన్నే విడతల్లో ఆరోగ్యకరమైన జీవనం గురించి పాఠాలు చెప్పించారు. 2006లో థొరాక్స్ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం శిక్షణ పొందినవాళ్లలో 88 శాతం, పాఠాలు విన్నవాళ్లలో 14 శాతం బాగుపడ్డారు. ఈ పత్రంలో నన్ను ఎక్కువగా ఆపింది మరో వరస అంకెలు. ఊపిరి బాధ, దగ్గు బాధ పాఠాలు విన్నవాళ్లకు కూడా కొంత తగ్గాయి; గొంతు బాధ మాత్రం శిక్షణ పొందినవాళ్లకే చెప్పుకోదగ్గంతగా తగ్గింది. స్వరపేటికను నడిపే తీరు మార్చితే దగ్గూ గొంతూ కలిసే దిగివచ్చాయన్నమాట. నా వాదనకు ఇంతకన్నా సూటి సాక్ష్యం నాకు తెలియదు. ఆ శిక్షణలో మాయేమీ లేదు. దగ్గు ప్రతిసారీ అవసరం కాదని రోగికి వివరిస్తారు. దగ్గు వచ్చే ముందు గొంతులో లేచే కిచకిచను పసిగట్టడం నేర్పుతారు. ఆ క్షణంలో గుటక వేయడం, ఒక గుక్క నీళ్లు, ముక్కుతో ఊపిరి తీసి పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలడం. గొంతు సవరించుకోవడం మానిపిస్తారు, నీళ్లు తాగిస్తారు, బిగబట్టకుండా పలకడం అలవాటు చేస్తారు. మింగినప్పుడు స్వరపేటిక పైకి లేచి మూసుకోక తప్పదు. మింగడం, దగ్గడం ఒకే క్షణంలో సాధ్యం కావు. ఆ చిన్న వ్యవధిలో కిచకిచ దాటిపోతుంది. పద్యనాటకాల వాళ్లు, హరిదాసులు బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకోవడంలో మంచి ఎంతో, నమ్మకమెంతో చెప్పలేం గాని, దాని వల్ల నోరూరి గుటకలు వేయడం మాత్రం ఈ సూత్రానికి దగ్గరదే.

ఇక్కడ మూడో అభ్యంతరం, అన్నిటికన్నా గట్టిది. శిక్షణ ఇచ్చేవాళ్ల ఓపిక, ఆదరణ వల్లే తగ్గిందేమో? దగ్గు మనసు మాట వినే లక్షణం. ఉత్తుత్తి మందుకు కూడా దగ్గు బాగా తగ్గుతుందని చాలా పరీక్షలు చూపాయి. వెర్టిగన్ పరీక్షలో కొలత కూడా రోగి, వైద్యుల అంచనాల మీదే నడిచింది, యంత్రం దగ్గులు లెక్కపెట్టలేదు. ఇది న్యాయమైన విమర్శ. దానికి జవాబు 2017లో ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 75 మంది రోగులకు కొందరికి నాలుగు విడతల శిక్షణ, మిగిలినవాళ్లకు అంతే సమయం సాధారణ ఆరోగ్య సలహాలు. రోగి వెంట ఉండే రికార్డరు దగ్గులను లెక్కించింది. శిక్షణ పొందినవాళ్ల దగ్గు రెండో జట్టుతో పోలిస్తే 41 శాతం తగ్గింది. ఏ చికిత్స అందుతోందో రోగికి తెలియకుండా ఇలాంటి పరీక్ష చేయడం కుదరదు కాబట్టి అనుమానం పూర్తిగా తీరిందనను. కాని మందుల పక్షాన్ని కూడా అదే త్రాసులో వేద్దాం. నాడీ సున్నితత్వం తగ్గించే గాబాపెంటిన్‌ను 62 మంది మీద పరీక్షించి 2012లో ప్రకటించినప్పుడు మేలు కనిపించింది. మందు ఆపాక ఆ మేలు నిలవలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత దగ్గుకంటూ కొత్తగా వచ్చిన గెఫాపిక్సాంట్ ఉత్తుత్తి మాత్రకన్నా దగ్గును అదనంగా తగ్గించింది 15 నుంచి 18 శాతం వరకే. తీసుకున్నవాళ్లలో సగానికి పైగా నాలుక రుచి మారింది. జపాన్, యూరప్ అనుమతించాయి, అమెరికా రెండుసార్లు తిప్పి పంపింది. ఈ అంకెల పక్కన నాలుగు విడతల శిక్షణ తీసికట్టుగా లేదు.

మనసు మాట వచ్చింది కాబట్టి దాన్ని వదిలి ముందుకు పోలేను. శిక్షణతో తగ్గిందంటే అది జబ్బే కాదు, అలవాటో, నాటకమో అనే మాట ఇళ్లలోనూ, వైద్యుల గదుల్లోనూ వినిపిస్తుంది. తెగిన మోకాలి కండరం వ్యాయామంతో కోలుకుంటే మనం కాలును అనుమానించం. దేశదేశాల్లోని పదకొండు దగ్గు క్లినిక్కుల నుంచి పది వేలకు పైగా రోగుల వివరాలు సేకరించిన 2014 నాటి అధ్యయనంలో మూడింట రెండు వంతులు ఆడవాళ్లే, అన్ని వయసుల్లోకీ ఎక్కువగా కనిపించినవాళ్లు 60 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్లు. కాప్సైసిన్ పరీక్షలో కూడా ఆడవాళ్ల స్వరపేటిక తక్కువ మోతాదుకే స్పందిస్తుంది. వయసు మళ్లిన ఆడవాళ్ల దగ్గు కాబట్టే ఊరికే దగ్గుతుంటుందనే మాట ఇంత సులువుగా పడుతుందని నా అనుమానం. దగ్గినప్పుడల్లా మూత్రం జారడం ఈ రోగుల్లో తరచు ఉండే ఇబ్బంది. అడగందే ఎవరూ చెప్పరు, మగ డాక్టరు అడిగినా చెప్పరు. పెళ్లికి వెళ్లడం మానేస్తారు, బస్సెక్కడం మానేస్తారు, కోవిడ్ తర్వాత నలుగురిలో దగ్గడమే నేరమైపోయింది. వీటికి కొలత లేకపోలేదు. దగ్గు వల్ల బతుకు ఎంత కుంగిందో తెలిపే ప్రశ్నావళులున్నాయి, గొంతుకూ అలాంటివే ఉన్నాయి. కొన్ని నిమిషాల్లో నింపగలిగే ఆ రెండు కాగితాలూ ఒకే రోగి చేత పూరింపజేస్తే, రెండు విభాగాలూ ఒకే మనిషిని చూస్తున్నామని గుర్తించడానికి అదే మొదటి అడుగు అవుతుంది.

గొంతు మీద బతికేవాళ్ల విషయంలో ఈ చూపు ఇంకా అవసరం. అమెరికాలో అయోవా, యూటా రాష్ట్రాల్లో 1243 మంది ఉపాధ్యాయులను, దాదాపు అంతమంది ఇతరులను ప్రశ్నించి 2004లో ప్రకటించిన లెక్క చూడండి. సర్వే నాటికి గొంతు ఇబ్బంది ఉన్నవాళ్లు ఉపాధ్యాయుల్లో 11 శాతం, ఇతరుల్లో 6.2 శాతం. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఉందన్నవాళ్లు 57.7 శాతం, 28.8 శాతం. అక్కడి తరగతి గదులకూ, రేకుల కప్పు కింద అరవై మంది పిల్లలు, బయట రోడ్డు, నల్లబల్ల మీద సుద్దపొడి ఉండే మన గదులకూ ఉన్న తేడా మీరే ఊహించుకోండి. ఇలాంటివాళ్లకు మనం ఇచ్చే సలహా సాధారణంగా ఒకటే: నోరు మూసుకుని విశ్రాంతి తీసుకోండి. శస్త్రచికిత్స తర్వాత కొన్ని రోజులకు, గట్టిగా అరిచి గొంతులో రక్తం చిమ్మినప్పుడు ఆ సలహా సరైనదే. నెలల జబ్బుకు అది చికిత్స కాదు, ఉద్యోగం మానేయమని చెప్పడం. గుసగుసగా మాట్లాడమనడం మరీ తప్పు; చాలామందిలో గుసగుస స్వరపేటిక పైభాగాన్ని ఇంకా బిగించేస్తుంది. స్ట్రా లోంచి నీళ్లలోకి బుడగలు వచ్చేలా పలకడం, పెదాలు మూసి హుమ్మనడం వంటి అభ్యాసాలు స్వరతంత్రులు తక్కువ ఒత్తిడితో ఆడేలా చేస్తాయి. గాజు గొట్టంతో నీళ్లలోకి పలికించే ఆ పద్ధతిని ఫిన్లాండ్‌లో ఎన్నో దశాబ్దాలుగా వాడుతున్నారు. పనిలో ఉంటూనే బాగుపడే మార్గం ఇది. మైకులు రాకముందు పద్యం చివర రాగాన్ని ఊరవతలికి వినిపించిన నటుల గొంతులను మనం గొప్పగా చెప్పుకుంటాం. నిలవలేక మధ్యలో రాలిపోయిన గొంతుల పేర్లు ఎవరూ రాసి పెట్టలేదు. వాటిని కూడా కలిపి లెక్కవేస్తే ఆ గొప్పదనం కొంత తగ్గుతుందేమో.

చివరి అభ్యంతరం డబ్బుది, మనుషులది. స్పీచ్ థెరపిస్టులు నగరాల్లోనే దొరకరు, పాడేరులోనో ఆసిఫాబాద్‌లోనో ఎక్కడ దొరుకుతారు? నిజమే. మైసూరులో ఈ విద్యకు కేంద్ర సంస్థ ఏర్పడి అరవై ఏళ్లయింది, సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అయినా బయటికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది పిల్లల వినికిడి, మాట ఆలస్యం వైపే పోతున్నారు, అది కూడా అత్యవసరమైన పనే. జిల్లా కేంద్రాల్లో డీఈఐసీ అని పిలిచే బాలల సత్వర చికిత్సా కేంద్రాలకు స్పీచ్ థెరపిస్టు పోస్టు ఉంది. పద్దెనిమిది దాటిన గొంతుకు ఆ గుమ్మంలో చోటు లేదు. కాని దగ్గు అదుపు శిక్షణ ఏళ్ల తరబడి సాగేది కాదు. పరీక్షల్లో మూడు నాలుగు విడతలే సరిపోయాయి, పెద్ద యంత్రమేదీ అక్కర్లేదు. ఆ కేంద్రాల్లోని థెరపిస్టుకు వారానికి ఒక పూట పెద్దవాళ్ల గొంతు కోసం కేటాయించవచ్చు. తొలి విడత ఎదురుగా జరిగితే మిగతావి వీడియో కాల్లో నడపవచ్చు. తెమడ పరీక్షలో ఏమీ లేదని తేలిన రోగి కాగితం మీద, ఎనిమిది వారాలకూ దగ్గు తగ్గకపోతే లేదా నాలుగు వారాలకూ బొంగురు తగ్గకపోతే గొంతులో కెమెరా పెట్టి చూడాలి అని ఒక్క వాక్యం ముద్రించడానికి బడ్జెట్టు సమావేశం అక్కర్లేదు. బీఈడీ, డీఎడ్ చదివే పిల్లలకు బోధన పద్ధతుల మీద పేపర్లు అన్ని ఉన్నప్పుడు గొంతు వాడకం మీద నాలుగు తరగతులు పెట్టడం కష్టమేమీ కాదు. పెద్ద తరగతులున్న బడికి మెడకు తగిలించుకునే చిన్న మైకు ఒకటి ఇస్తే, పంతులమ్మ దాన్ని వాడినందుకు పక్క గది మాస్టారు నవ్వకుండా ఉండటానికి మాత్రం కొంతకాలం పడుతుంది.